అరవై నాలుగు సంతకాలు

రిబ్కమ్మ గొంతు సంగతి ముందు చెప్పాలి. కంగ్టి మండలంలో మా నాగన్‌వాడి దాటి నాలుగు చేలు నడిస్తే కర్ణాటక వస్తుంది. ఒక ఎండాకాలం పొద్దున ఆమె ఊరి చివర నిలబడి ఉపాధి పనికి రమ్మని కేక వేస్తే, అవతలి రాష్ట్రం నుంచి పదకొండు మంది గడ్డపారలు భుజాన వేసుకుని వచ్చారు. మన మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, వాళ్ల పేర్లు లేవు, మన మాట వాళ్లకు సగమే తెలుసు. అయినా పిలిచింది కదా అని మధ్యాహ్నం దాకా మట్టి తవ్వి, జొన్న రొట్టె తిని తిరిగి వెళ్లారు. పదకొండు మంది కాదు తొమ్మిదే అనేవాళ్లు ఊళ్లో ఉన్నారు. వాళ్ల మాట నమ్మకండి.

ఆమెకు యాభై ఆరేళ్లు. భర్త కాలేబు పోయి పన్నెండేళ్లయింది. కొడుకు పీటరూ కోడలూ దసరా దాటగానే చెరుకు కోతకు మహారాష్ట్ర వెళ్లి ఎండలు ముదిరాక వస్తారు. ఉన్న రెండెకరాల్లో కంది, పెసర వేస్తుంది. వాన పడితే పండుతుంది, పడకపోతే లేదు. చర్చి వెనక గదిలో రాత్రిబడి నడిచిన రోజుల్లో చదువు నేర్చుకుంది. అక్షరాల కింద వేలు పెట్టి మెల్లగా చదువుతుంది. సంతకం మాత్రం దర్జాగా పెడుతుంది. 'రి' గుడి మీది మెలిక కాగితం మీది పై గీతను తాకాలి, తాకకపోతే ఆ సంతకం తనది కాదన్నట్టు చూస్తుంది.

ఏడేళ్ల కింద ఆమెను ఉపాధి పనికి మేట్‌ను చేశారు. ఆమెతో కలిపి అరవై నాలుగు మంది గుంపు అది. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని మస్టర్ రాయడం, సంతకాలు తీసుకోవడం, ఫోన్‌లో హాజరు ఫోటో పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి పంపడం ఆమె పని. అంతవరకు కాలేబు పెండ్లాం, పీటర్ తల్లి అన్నవాళ్లు మేటమ్మ అనడం మొదలుపెట్టారు. ఒకసారి నారాయణఖేడ్ బస్సులో కండక్టర్ కూడా 'మేటమ్మా, టికెట్టు' అన్నాడు. ఆడవాళ్లకిచ్చే ఆ జీరో టికెట్టును ఆమె బైబిల్లో పెట్టుకుంది. జీవితంలో ఆమెకు దొరికిన ఒకే ఒక్క ఉద్యోగం ఆ మేట్ పని.

ఇక కోళ్ల సంగతి. దేవప్ప కొడుకు సంగమేశ్వర్ నాలుగేళ్ల కింద వాగు పక్క భూమి అమ్మితే ఒక కంపెనీ అక్కడ షెడ్డు కట్టింది. మూడంతస్తుల పంజరాల్లో నలభై వేల గుడ్ల కోళ్లు. సంగమేశ్వర్‌ను అందులోనే సూపర్‌వైజర్‌గా పెట్టుకున్నారు. షెడ్డు వెనకే ఈగలు వచ్చాయి. మా ఊరి మొగులప్ప తెల్లధోతి ఆరేస్తే నల్లధోతి అయ్యేది, దులిపితే మళ్లీ తెల్లధోతి. హోటల్లో చాయ్ అడిగితే ఈగలున్నదా, లేనిదా అని హోటలాయన అడిగేవాడు. లేనిది కావాలంటే బోరంచ ఊరి దాకా పోయి తాగి రావాలి. ఒక పెళ్లిలో పెళ్లికొడుకు మొహం మీద వాలిన ఈగల వల్ల, అత్తగారు అల్లుడికి మీసాలున్నాయనుకుని సంబరపడింది. ఆ తర్వాత ఊళ్లో పెళ్లిళ్లు ఆగిపోయాయి. లగ్గం అంటే నారాయణఖేడ్‌లో హాలు మాట్లాడుకోవాల్సిందే.

ఈగలను చూసి నవ్వుకోవచ్చు. కానీ వాన పడినప్పుడు షెడ్డు వెనక పెంటకుప్ప కరిగి వాగులోకి దిగేది. బోరింగు నీళ్లు కంపు కొట్టేవి. పిల్లలకు విరేచనాలు ఆగేవి కావు, దవాఖాన ఖర్చు తప్పేది కాదు. ఎండాకాలం కిటికీ తెరిస్తే కంపు, మూస్తే ఉక్క. రిబ్కమ్మ చేను షెడ్డును ఆనుకునే ఉంది. కలుపు తీసేటప్పుడు కొంగు ముక్కుకు కట్టుకునేది. ఒక్క షెడ్డుకే ఇట్లా ఉంటే, కంపెనీ ఇంకో ఎనిమిది షెడ్లు కడతామంది. దానికి గ్రామసభ ఒప్పుకోవాలి. ఊరు ఒప్పుకోదని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ బెంగపడలేదు.

మే నెలలో ఒక రోజు గుట్ట మీద కందకాలు తవ్వుతున్నారు. ఫోటో టైము దగ్గరపడుతోంది. అక్కడ సిగ్నల్ ఒక్క నల్లబండ మీదే దొరుకుతుంది. ఫోటో పోకపోతే అరవై నాలుగు మందికీ ఆ రోజు కూలి పోయినట్టే. రిబ్కమ్మ ఫోన్ పట్టుకుని పరేషాన్ అవుతుంటే సంగమేశ్వర్ బండి మీద వచ్చాడు. అట్టకు పెట్టిన కాగితాలు చేతిలో పెట్టి, పంచాయతీ కాగితం, అందరి సంతకాలు కావాలన్నాడు. అంతకు మించి చెప్పలేదు. ఆమె అడగలేదు. అడిగితే చెప్పేవాడినే అని తర్వాత అతడు అన్నాడు. అబద్ధం కాకపోవచ్చు. కానీ ఏడేళ్లుగా ఆ గుట్టకు పెన్నుతో వచ్చిన ప్రతి కాగితం మస్టరే. వేరే కాగితం ఒకటి ఉంటుందని అక్కడ ఎవరికీ తోచదు.

ముందు ఆమే సంతకం పెట్టింది. 'రి' గుడి మీది మెలిక పై గీతను తాకింది. తర్వాత ఇంకో మస్టర్ వచ్చిందని, జల్దీ పెట్టమని గుంపుకు చెప్పింది. సంతకం రానివాళ్లు ఏడుగురు. వాళ్ల బొటనవేళ్లు తనే పట్టి, సిరాలో అద్ది, కాగితం మీద ఒత్తింది. సంగమేశ్వర్ వెళ్లిపోయాడు. ఆమె బండ ఎక్కి ఫోటో పంపింది.

ఆ ఏడుగురిలో హన్మమ్మ ఒకతె. రిబ్కమ్మకంటే నాలుగేళ్లు పెద్ద, పక్క వాడ. భర్తకు విరిగిన కాలు బాగుపడితే బోరంచ నల్లపోచమ్మకు పుంజును ఇస్తానని మొక్కుకుంది. ఫారం కోడి పోచమ్మకు పనికిరాదు, నాటు పుంజే కావాలి. ఏడాదిన్నర పెంచింది. ఆ పుంజు పోస్టుమ్యాన్‌ను ఊళ్లోకి రానిచ్చేది కాదు. ఉత్తరాలన్నీ పొలిమేరలో రాయి కింద పెట్టి పోయేవాడు. ఎర్రబస్సు డ్రైవర్ దాన్ని చూసి బస్సును వెనక్కి తీసిన రోజు కూడా ఉంది. జులైలో షెడ్డులో ఏదో రోగం వచ్చి చచ్చిన కోళ్లను గుంతలో వేసి మట్టి కప్పకుండా వదిలేశారు. వారం తిరక్కుండా ఊళ్లో నాటుకోళ్లు పడిపోయాయి. ఆ పుంజు కూడా పోయింది. అదే వారం వాగు పక్క కొత్త షెడ్లకు కంచె కడీలు పాతడానికి జేసీబీ వచ్చింది.

హన్మమ్మ మొక్కు చెడిన కోపంతో ముందు నడిచింది. రిబ్కమ్మతో కలిపి ఐదుగురు ఆడవాళ్లు మండలాఫీసుకు పోయి షెడ్లకు ఎవరు ఒప్పుకున్నారని అడిగారు. మీరే ఒప్పుకున్నారని గుమాస్తా కాగితం నకలు తీసిచ్చాడు. రిబ్కమ్మ వేలు పెట్టి చదివింది. బడి వరండాలో గ్రామసభ జరిగిందట. ఎనిమిది షెడ్లకు ఊరికి అభ్యంతరం లేదట. కింద మొదటి పేరు ఆమెది. అప్పటికి సర్పంచుల గడువు అయిపోయి ఊళ్లను స్పెషల్ ఆఫీసర్లు చూస్తున్నారు. పది ఊళ్లకు ఒక్కడు. కాగితం నిండా సంతకాలుంటే ఆయనా ఒక సంతకం పెట్టాడు.

హన్మమ్మ ఒక వేలిముద్ర చూపించి, "గీ వేలు నాదేనా, రిబ్కా?" అంది.

రిబ్కమ్మకు తెలుసు. ఆ వేలు పట్టుకున్న తడి ఆమె చేతికి ఇంకా గుర్తుంది. అయినా నోట్లోంచి వేరే మాట వచ్చింది. తను ఫోటో కోసం బండ మీద ఉన్నప్పుడు సంగమేశ్వర్ మస్టర్ కింద కార్బన్ పెట్టి తీసుకుని ఉంటాడంది. ఒక్క ఊపిరిలో అనేసింది.

ఆ అబద్ధం ఆమెకంటే ముందు ఆటో ఎక్కి ఊరు చేరింది. సాయంత్రానికి సంగమేశ్వర్ చొక్కాలో కార్బన్ దాచుకు తిరిగేవాడయ్యాడు. ఆదివారానికి ఆ కార్బన్ హైదరాబాద్‌లో తయారైనదయింది. మనిషి పది అడుగుల దూరంలో ఉన్నా సంతకం లాగేస్తుందట. సంగమేశ్వర్ ఎదురైతే జనం చేతులు వెనక్కి పెట్టుకునేవారు.

అబద్ధం చెప్పినవాళ్లు సాధారణంగా ఆ చుట్టుపక్కలకు పోరు. రిబ్కమ్మ మాత్రం అందరికంటే ఎక్కువ తిరిగింది. చర్చికి పిడికెడు బియ్యం పోగుచేసే సంచీ వేసుకుని ప్రతి శనివారం నలభై ఇళ్లు తిరగడం ఆమెకు అలవాటే. ఇప్పుడు అదే సంచీతో అన్ని వాడలూ తిరిగింది. కొందరు ఆడవాళ్లు ఆమె దేనికొచ్చిందో తెలుసుకోకుండానే సంచీలో బియ్యం పోశారు. మీటింగులు ఒక వారం చర్చి వాకిట్లో, ఒక వారం హన్మమ్మ కొట్టం ముందు. రెండు పార్టీల వాళ్లూ కండువాలు పట్టుకుని వస్తే, హన్మమ్మ వాటిని ఈగలు తోలడానికి వాడింది. నారాయణఖేడ్‌లో పెద్దాఫీసర్ దగ్గరకు రెండు ఆటోల్లో వెళ్లారు. ఆయన మర్యాదగా విన్నాడు. ఊరివాళ్లంతా సంతకాలతో రాసిస్తే సభ మళ్లీ పెట్టిస్తానన్నాడు.

చిక్కు అక్కడ వచ్చింది. ఊళ్లో ఎవరూ సంతకం పెట్టడం లేదు. ఒకసారి పెట్టి మోసపోయాం, ఇంకోసారి పెట్టం అన్నారు. మొగులప్ప గ్యాస్ బండ తీసుకోవడానికి కూడా సంతకం పెట్టక, నెల రోజులు కట్టెల పొయ్యి మీద వండించాడు. పెట్టిన సంతకం పోవాలంటే సంతకమే పెట్టాలని రిబ్కమ్మ గొంతు పోయేటట్టు చెప్పింది. ఆ గొంతు పోవడమంటే మాటలు కాదు.

దారి హన్మమ్మకు తోచింది. కాగితం దాచిపెట్టొచ్చు, గోడ దాచిపెట్టరాదు కదా అంది. కిరాణం దుకాణం గోడకు సున్నం వేయించి, అర్జీని అడుగెత్తు అక్షరాలతో గోడ మీద రాయించారు. రాసింది సుభాష్, ఎలక్షన్లకు గోడలు రాసేవాడు. అలవాటు కొద్దీ చివర 'మీ అమూల్యమైన ఓటు వేసి గెలిపించగలరు' అని కూడా రాసేశాడు. దాని మీద మళ్లీ సున్నం కొట్టారు. గోడను మూడు రోజులు అట్లాగే ఉంచారు. చదవడం వచ్చినవాళ్లు చదివారు. రానివాళ్లు మూడు వేర్వేరు ఇళ్ల మనుషులతో చదివించుకున్నారు. ముగ్గురూ ఒకే మాట చదివితేనే నమ్మారు. మొగులప్ప ఆరుగురితో చదివించుకున్నాడు. నాలుగో రోజు గోడ ముందే కూర్చుని, గోడ మీది మాటలే కాగితం మీద ఎక్కించి, సంతకాలు పెట్టారు. రెండు వందల పదకొండు. పెద్దాఫీసర్ సభకు తేదీ వేశాడు.

సభకు రెండు రోజుల ముందు రిబ్కమ్మ చేనులో కంది సాళ్ల మధ్య కలుపు తీస్తుంటే సంగమేశ్వర్ గట్టు మీదికి వచ్చి కూర్చున్నాడు. అతడేమీ రాక్షసుడు కాదు. రెండు బోర్లు ఎండిపోయాక భూమి అమ్మాడు. కంపు పడక అతడి పెండ్లాం పుట్టింటికి పోయి ఆరు నెలలైంది. కొత్త షెడ్లు రాకపోతే కంపెనీ తనను ఉంచుకోదని చెప్పాడు.

"ఊరంతా నన్ను దొంగ అంటుంది," అన్నాడు. "కార్బన్ ఎక్కడిది, రిబ్కమ్మా? నువ్వే పెట్టించినవు కదా."

ఆమె ముక్కుకు కట్టిన కొంగు విప్పకుండా కలుపు పీకుతూనే ఉంది.

"నేను నీ పేరు తియ్య. నువ్వు కార్బన్ ముచ్చట సభల తియ్యకు. గుట్ట మీద వేరే కాయితానికి సంతకాలు తీసుకున్నవని తెలిస్తే నీ మేట్ పని ఉండదు. ఆలోచన చేస్కో."

అతడు పోయాక ఆమె ఆ సాలు మధ్యలోనే చాలాసేపు కూర్చుంది. కలుపు ఏదో కంది ఏదో చూడకుండా పీకిందని, మర్నాడు చూస్తే గజం మేర చేను బోడిగా ఉందని ఆమే తర్వాత చెప్పింది.

సభ బడి వరండాలో జరిగింది. నారాయణఖేడ్ నుంచి పెద్దాఫీసర్ వచ్చాడు. కంపెనీ మేనేజర్ అందరికీ ఉడికించిన గుడ్లు తెప్పించాడు. జనం చేయి పెట్టేలోపు ఈగలు పెట్టాయి. ఊరిది ఒకటే మాట: సభ జరగలేదు, కార్బన్ పెట్టి సంతకాలు లాగారు. ఆఫీసర్ అసలు కాగితం తెప్పించి వెలుగులో పెట్టి చూశాడు. వెనక్కి తిప్పి వేలితో తడిమాడు.

"ఇది కార్బన్ కాదమ్మా," అన్నాడు. "పెన్ను ఒత్తు వెనక తెలుస్తోంది. వేలిముద్రలు సిరావి. మీరు చెప్పేది ఒకటీ, కాగితం చెప్పేది ఒకటీ. నన్నేం చేయమంటారు?"

మేనేజర్ చిన్నగా నవ్వాడు. సంగమేశ్వర్ నేల చూశాడు. జనంలో గుసగుస లేచి అణిగింది. నిజం చెబుతున్న ఊరు అబద్ధాలకోరులా నిలబడింది. అప్పుడు హన్మమ్మ లేచింది.

"మేటమ్మ చెప్పింది సార్. మేటమ్మ అబద్ధం చెప్పదు."

ఆ మాట అనకపోయి ఉంటే రిబ్కమ్మ కూర్చునే ఉండేదేమో. ఆమె లేచింది. రెండు రాష్ట్రాలకు వినబడే గొంతు ఆ రోజు ముందు వరుసకే వినబడింది.

"కార్బన్ లేదు సార్. కార్బన్ అని నేనే అన్న."

హన్మమ్మ నిలబడే ఉంది.

"సభ కాలే. గుట్ట మీద కందకం తవ్వుతున్నం. గాయన కాయితం తెచ్చిండు. నాకు చదవొస్తది, నేను చదవలే. ఫోటో టైం అయితుందని మస్టర్ అని చెప్పి అందరితోని పెట్టించిన. వేలు పెట్టేటోళ్లకు నేనే వేలు పట్టి ఒత్తిన. హన్మక్క వేలు గూడ నేనే ఒత్తిన."

ఇది రాసుకుంటే ఆమె మీదికే వస్తుందని ఆఫీసర్ హెచ్చరించాడు.

"రాసుకోండ్రి. తప్పు నాది. వీళ్లది కాదు."

కాగితం గుట్ట మీదికి వచ్చిందన్నాక ఆఫీసర్‌కు ఒక సంగతి తట్టింది. ఆ రోజు హాజరు ఫోటో తెరిపించాడు. తేదీ అదే, టైము ఇంచుమించు అదే. బడి వరండాలో సభలో కూర్చున్నట్టు కాగితంలో ఉన్న అరవై నాలుగు మందిలో ఫోటో తీసిన రిబ్కమ్మ తప్ప అందరూ ఫోటోలో గుట్ట మీద ఎండకు కళ్లు చికిలించి గడ్డపారలతో నిలబడి ఉన్నారు. ఆయన ఫోటోను మేనేజర్‌కూ చూపించాడు. మేనేజర్‌కు నవ్వు రాలేదు. పాత తీర్మానం చెల్లదని రాసి, షెడ్లు వద్దనేవాళ్లు చేతులెత్తమన్నాడు. వరండాలో, కింద వాకిట్లో, గోడ మీద కూర్చున్నవాళ్లలో కూడా చేతులు లేచాయి. హన్మమ్మ చేయి అన్నిటికంటే చివర లేచింది. రిబ్కమ్మ వైపు చూడకుండా.

పదిహేను రోజులకు పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. రిబ్కమ్మను మేట్ పని నుంచి తీసేశారు. పని చేసే చోట వేరే కాగితాలకు సంతకాలు తీసుకోవడం తప్పు. ఆమె ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా, కింద ముద్ర మీది అక్షరాలతో సహా చదివి సంతకం పెట్టి తీసుకుంది. గుంపులోని దుర్గాభవాని కొత్త మేట్ అయింది. రిబ్కమ్మ గుంపులో చేరి తట్ట మోస్తోంది. కొందరు ఇప్పటికీ మేటమ్మ అని నాలుక కరుచుకుంటారు. కొందరు కావాలనే అని చూస్తారు. కన్నీళ్లు ఎప్పుడైనా పెట్టుకుందేమో నాకు తెలియదు. ఆదివారం చర్చిలో మాత్రం రెండో వరుస వదిలి చివరి వరుసలో కూర్చుంటోంది.

సభ తర్వాత హన్మమ్మ నాలుగు రోజులు మాట్లాడలేదు. తన వాకిట్లో నిలబడి, రిబ్కమ్మ వినేటట్టు ఈగలను తిట్టింది. ఆ తిట్లలో ఈగలకు పట్టనివే ఎక్కువ. ఐదో రోజు పొద్దున పలక పట్టుకుని వచ్చి గడపలో కూర్చుంది.

"నా వేలు నువ్వు పట్టుకున్నవు కదా. ఇగ పట్టుకోని నేర్పియ్యి. నా పేరు నేనే రాసుకుంట."

ఆమెకు 'హ' వచ్చింది. 'న్మ' దగ్గర మూడు వారాలుగా దెబ్బలాట నడుస్తోంది.

పాత షెడ్డు అక్కడే ఉంది. ఈగలూ ఉన్నాయి. పెంటకుప్పను రోజూ ఎత్తాలి, చచ్చిన కోళ్లను మట్టిలో పూడ్చాలి అని ఇంకో అర్జీ గోడకెక్కింది. ఇప్పుడు ఊళ్లో ఏది రాసివ్వాలన్నా ముందు గోడ మీద రాయాల్సిందే. సుభాష్‌కు తీరిక లేదు. సంగమేశ్వర్‌ను కంపెనీ ఇంకా తీసేయలేదు. దారిలో ఎదురైతే అతడూ రిబ్కమ్మా ఒకరికొకరు తలాడిస్తారు. అంతకు మించి మాటల్లేవు.

ఆ ఎనిమిది షెడ్లూ ఆగాయి గానీ కంపెనీ ఆగలేదు. మూడు ఊళ్ల అవతల భూమి చూస్తోందని తెలిసింది. పోయిన నెల ఆ ఊరి ఆడవాళ్లు ఆటోలో వచ్చి రిబ్కమ్మను రమ్మన్నారు. తనను మేట్ పని నుంచి తీసేశారని ముందే చెప్పింది. అందుకే వచ్చినమని వాళ్లన్నారు. హన్మమ్మ పిలవకుండానే ఆటో ఎక్కి ముందు సీటులో కూర్చుంది.

ఆ ఊళ్లో అంగన్‌వాడి ముందు నలభై మంది దాకా చేరారు. కర్ణాటక చుట్టాలు కూడా కొందరు ఉన్నారు. కంపెనీని దుమ్మెత్తి పోస్తుందని, నినాదాలు చెప్పిస్తుందని అందరూ ఎదురు చూశారు. రిబ్కమ్మ కొంగు సర్దుకుంది. ఈసారి గొంతు చివరి వరుస దాటి, రోడ్డు దాటి, అవతలి చేను దాకా వినబడింది.

"షెడ్ల ముచ్చట తర్వాత చెప్త. ముందుగాల నేను చేసిన తప్పు చెప్త, ఇనుండ్రి."